ఐదో ఋతువు

ఎస్టోనియాలో, సోమా అడవికి ఐదు ఋతువులు.
మంచు కరిగాక, వసంతానికి ముందు
నీళ్లకంటూ విడిగా ఒకటి.
అప్పుడు దారి ఉండదు, గట్టు ఉండదు,
ఉత్తరాల డబ్బా దాకా పడవలోనే వెళ్లాలి.

అలాంటి చోట విడిది గదులు కడతానంది లేలో.
"కట్టడం కాదు, కూర్చడం" అని మళ్లీ తనే దిద్దుకుంది.
ఏడు గదులు. గదికి ఆరు పలకలు:
నాలుగు గోడలు, ఒక నేల, ఒక కప్పు.
ఇక్కడి స్ప్రూస్ చెక్క, గోడల కడుపులో గొర్రె ఉన్ని,
సిమెంటు చుక్క లేదు, ఇనుప మేకు లేదు.
కుసి బెజ్జంలో దూరితే ఇల్లు,
చీల ఊడదీస్తే బండెడు చెక్క.
నేల మీద మిగిలేది ఏడు చోట్ల అణిగిన గడ్డి,
అదీ జూన్ దాకా.

హెల్దుర్‌కి డెబ్బై నాలుగేళ్లు. పడవలు చెక్కిన చెయ్యి.
ప్రతి పలకకీ లేలో నంబరు చీటీ అతికిస్తూ పోతుంటే
వెనకాలే వచ్చి గొడ్డలి అంచుతో గాట్లు పెట్టేవాడు,
గదికి అడ్డగాట్లు, పలకకి నిలువుగాట్లు.
"మా తాత ఇల్లు మూడుసార్లు ఊరు మారింది,
ఒక్క దూలమూ దారి తప్పలేదు" అన్నాడు.
ఆమె నవ్వి ఊరుకుంది.
నేను ఇద్దరికీ కాఫీ కాచాను. నా పని అదీ, తాళాల గుత్తీ.

ఆ ఏడు నీళ్లు పదకొండు రోజులు ముందొచ్చాయి.
రాత్రంతా లాంతర్ల వెలుగులో చీలలు పీకాం.
తడికి ఉబ్బిన చీల ఎంత మొండిదో
పీకిన వేళ్లకే తెలుసు.
పలకలన్నిటికీ మోకులు వేసి చెట్లకి కట్టాం.
తెల్లారి చూస్తే
అడవి నడుంలోతు నీళ్లలో నిలబడి ఉంది,
పక్కనే మా గదులు పశువుల్లా కదులుతూ.

నీళ్లు తీసేసరికి చీటీలన్నీ తెల్లబోయి ఉన్నాయి.
ఉన్ని ఆరడానికి మరో రెండు వారాలు.
లేలో ఏమీ అనలేదు.
వేలితో గాట్లు తడుముతూ పైకే చదివింది:
రెండు అడ్డం, మూడు నిలువు. ఒకటి అడ్డం, నాలుగు నిలువు.
హెల్దుర్ పడవ బోర్లించుకుంటూ విననట్టే ఉన్నాడు.

నలభై ఒకటి దొరికాయి.

నలభై రెండోది మే నెలలో, పది కిలోమీటర్ల దిగువన,
సల్మే అనే ముసలామె పెరట్లో.
నాలుగు మొద్దుల మీద నిలిపి కింద కోళ్లని పెట్టుకుంది.
"నది ఇచ్చింది" అంది. తలుపు వేసుకుంది.

అందుకే ఐదో గదికి ఒక గోడ ఇంకా పచ్చిపాల రంగు,
మిగతా మూడూ బూడిదకి తిరిగాయి.
వచ్చినవాళ్లు అడుగుతారు. చెబుతాను.
లేలో మాత్రం నక్షాలో ఆ పలకని కొట్టెయ్యలేదు.
ఐదో గది, ఉత్తరపు గోడ, అని ఉన్నచోట
ఎదురుగా పెన్సిల్‌తో చిన్న అక్షరాలు:
వాడుకలో ఉంది. కోళ్లు తొమ్మిది.