నేరుగా

కళ్యాణదుర్గం బైపాస్ మీద
బోరు లారీలు నిలిపే షెడ్డులో
నాదొక కుర్చీ, ఒక కంప్యూటరు,
తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను.

బయపరెడ్డి పొద్దున్నే అడుగుతాడు:
"వన్నూరమ్మా, మన సైటుకు నిన్న ఎంతమందొచ్చిరి? యాడోళ్లు?"
పటం తెరుస్తాను.
చుక్కలు. అన్నిటికన్నా పెద్ద చుక్క బెంగుళూరు.
ఆయనకు సంబరం.
"బెంగుళూరోళ్లకు మన బోర్లేంటికబ్బా!"

బెంగుళూరోళ్లు కాదు సార్.
కుందుర్పిలో ఫోను తెరిచినా
సిగ్నలు పోయి పోయి అక్కడ తేలుతుంది.
శెట్టూరు, కంబదూరు, బెళుగుప్ప
అన్నీ దానికి బెంగుళూరే.
ఇక్కడ ఇంకిన వాన
ఎవరి బావిలోనో ఊరినట్టు.

గడప దగ్గర కూర్చుని నెట్టికంటయ్య నవ్వుతాడు.
నలభై ఏళ్లుగా నీళ్లు చూస్తున్నాడు,
అరచేతిలో కొబ్బరికాయ, కాళ్లకు చెప్పుల్లేకుండా.
కాయ లేచి నిలబడితే గంగ.
"నీ కాయ ఎప్పుడు లేస్తుంది పాపా?"
నాది లేవదు తాతా, లెక్కపెడుతుంది.
వెతుక్కుని వచ్చినోళ్లు ఇంతమంది,
వాట్సాప్‌లో ఎవరో పంపితే వచ్చినోళ్లు ఇంతమంది,
మిగిలినోళ్ల ఎదురుగా ఒకటే మాట: నేరుగా.
అంటే, వచ్చిన దారి తెలియదని.
తెలియదు అని చెప్పడానికి దానికి సిగ్గు.

మార్చిలో మొదలైంది ఆ ఒక్క చుక్క.
రాత్రి రెండు దాటినాక,
త్రీఫేజు కరెంటిచ్చే వేళకు.
పాత ఫోను, చిన్న తెర. నేరుగా.
లారీల ఫొటోలు చూడదు,
మా గొప్పలు చదవదు,
అడుగుకు ఎంత అనే పట్టిక దగ్గరికే పోతుంది.
నలభై సెకన్లు.
ఒకసారి మాత్రం పదకొండు నిమిషాలు.
అంతసేపు ఏం చదివింటారు అందులో?
ఉన్నవి ఆరు వరుసలు.
మూడొందల అడుగుల దాకా ఒక రేటు,
ఆపైన నూరు నూరుకూ పెరుగుతూ పోయి
వెయ్యి దగ్గర పట్టిక ఆగిపోతుంది.

గుణించుకుంటున్నట్టుంది.

ఇరవై మూడు రాత్రులు.
పట్టిక కింద నా సొంత నంబరు పెట్టినాను,
బయపరెడ్డికి చెప్పకుండా,
పక్కన "ఏ వేళకైనా" అని రాసి.
ఫోను దిండు కింద పెట్టుకుని పండుకున్నా.
మోగలేదు.
ఏప్రిల్ తొమ్మిది నుంచి చుక్క లేదు.

ఇంకెవరి లారీనో పిలిచి ఉండొచ్చు.
గంగ పడి ఉండొచ్చు, రెండించులు,
బురదలో నిలబడి మొహం కడుక్కుంటూ ఉండొచ్చు.
ఫోను పగిలి ఉండొచ్చు.
ఉండొచ్చు.
పేపర్లో జిల్లా పేజీ వచ్చినప్పుడు
ఈమధ్య చూడకుండా తిప్పేస్తున్నాను.

"నిన్న ఎంతమందొచ్చిరి వన్నూరమ్మా?"
నూట పన్నెండు సార్.
బయట తిరుచెంగోడు పిల్లోళ్లు లారీ కడుగుతున్నారు.
నీళ్లు రోడ్డు దాటి
ఎటో పోతున్నాయి.