రెండో తలుపు

మొదటి తలుపు మూశాకే రెండోది తియ్యాలి.
ఈ ఒక్క ముక్క చేతుల్లోకి ఎక్కడానికి
నాకు పదిహేను రోజులు పట్టింది.
తాళం వేశాక లాగి చూడాలి,
చూశాక పైకి చెప్పాలి, పక్కన ఎవరూ లేకపోయినా:
"పడింది."

గుంటూరు బైపాసు పక్కన
కోల్డ్ స్టోరేజీల వరసకి వెనక
మా చిన్న జంతుశాల.
మార్చిలో గాలి మిర్చి యార్డు వైపు నించి తిరిగితే
అందరికంటే ముందు తోడేలు తుమ్ముతుంది.
నాలుగు తుమ్ములు, ఒక తల విదిలింపు,
మళ్ళీ నడక.

కంచె వెంబడి ఇంగ్లీషు ఎనిమిది.
గడ్డి చచ్చి, మట్టి తేలి,
గడప మధ్యలా అరిగిన బాట.
వాన పడితే ఆ అంకెలోనే నీళ్ళు నిలుస్తాయి.
చూడ్డానికొచ్చినవాళ్ళు "కుక్కే గదా" అనేసి
ఎలుగు దగ్గరికి పోతారు.

ఎలుగుతో పేచీ లేదు.
రాగి సంకటి, పుచ్చకాయ,
మే నెలలో బకెట్టుతో గడ్డకట్టించిన బెల్లం నీళ్ళు.
ఆ గడ్డని వాటేసుకుని మధ్యాన్నమంతా నాకుతుంది.
దుప్పుల చుట్టూ తడికెలు కట్టాం,
తోడేలు కంట పడకుండా.
కంటికి కట్టొచ్చు.
ముక్కుకేం కడతాం?

దీనికి రోజూ పావు తక్కువ రెండు కిలోలు, ఎముకతో.
మంగళవారం పస్తు,
దేవుడి కోసం కాదు, పేగు కోసం.
కాగితాల్లో పేరు లేదు:
"మగది, ఆరేళ్ళు, పాడుబావిలో దొరికింది."
నేను లోపల్లోపల "అబ్బాయ్" అంటాను.
మా తాత బొల్లయ్య వింటే
నా నోట్లో పచ్చి కారం కొట్టేవాడు.

వినుకొండ అవతల గుట్టల్లో ఆయనవి నూటపది గొర్రెలు.
ఒక్క రాత్రిలో పదకొండు పోయాయి.
తెల్లారి చెవులు ఏరుకొచ్చాడంట,
తన గుర్తు కోసిన చెవులు, తువ్వాల్లో మూటగట్టి.
ఆ వేసవిలో బొరియల్లోకి పొగ పెట్టాడు.
ఎన్ని పిల్లలు చచ్చాయో మెలకువలో ఎప్పుడూ చెప్పలా.
ముసలైపోయాక నిద్రలో లెక్కపెట్టేవాడు,
ఐదు దగ్గర ఆగేవాడు.

"కొత్త వాసన ఏదన్నా లోపల పెట్టండి,
తల పని చేస్తే కాళ్ళు ఆగుతాయి," అంది
డాక్టరు షరీఫున్నీసా.
పుదీనా పెట్టాం, చూడలా.
ఆవు పేడ పెట్టాం, మూచూసి వదిలేసింది.
గోనెసంచి పెట్టాం,
అది యార్డు సంచని ఎవరూ చూసుకోలా.
రెండు రోజులు దాని కళ్ళూ నా కళ్ళూ కారాయి.

మొన్న అటక మీద నించి తాత గొంగళి దించాను.
అమ్మని అడగలా.
మొదటి తలుపు. "పడింది."
రెండోది. మధ్యలో పరిచి, వెనక్కొచ్చి,
లోపలి గది పలక పైకి లాగాను.

అది వచ్చింది. బాట ఎక్కింది.
సగం ఎనిమిదిలో ఆగింది.
చెవులు ముందుకి. ఒక కాలు గాల్లోనే.
చాలాసేపు.
తర్వాత భుజం వంచి గొంగళి మీద పడి
వీపు రుద్దుకుంది, మెడ రుద్దుకుంది,
నాలుగు కాళ్ళూ ఆకాశంలోకి పెట్టి పొర్లింది.
పళ్ళతో పట్టి నీడలోకి ఈడ్చుకుపోయి
దాని మీద తల పెట్టింది.

కంచె ఇవతల నేను ఊచ పట్టుకుని నిలబడ్డాను.
ఆ ఉన్నిలో గొర్రెలున్నాయి, తాత చెమటుంది,
ఆ వేసవి పొగ కూడా ఉండే ఉంటుంది.
నాకేమో ఒట్టి పాత గుడ్డ వాసనే తెలిసింది.
దానికి ఎంత తెలిసిందో.

సాయంత్రం రిజిస్టరు తీశాను.
తిండి: పూర్తి. నీళ్ళు: మార్చాం. పెంట: గట్టిగా.
నడక గడిలో రోజూ గంటలు వేస్తాను.
సున్నా వేసి,
నమ్మకం కుదరక టార్చి తీసుకుని మళ్ళీ వెళ్ళాను.
రెండు కళ్ళు పచ్చగా వెలిగి, మూసుకున్నాయి.

నాలుగు రోజుల్లో ఉన్ని వాసన పోతుంది.
అది రాయడానికి గడి లేదు.
రేపు మంగళవారం.