కేసు కాని కాగితం

పాతికేళ్ళుగా ఉదయగిరి స్టేషన్లో రైటర్ని నేను.
ఎవడు జైలుకి పోవాలన్నా
నా కార్బన్ కాగితాల మధ్య నించే పోవాలి.
ఆయుధాల చట్టం, సెక్షన్ ఇరవై అయిదు:
కళ్ళు గోడమీది బల్లిని చూస్తున్నా
చెయ్యి తనంతట తనే రాసేస్తుంది.

ఆ రాత్రి పెంచల ప్రసాదుని తెచ్చి నిలబెట్టారు.
పిక్కల దాకా ఎర్రమన్ను.
బల్లమీద నాటు తుపాకీ,
పేలికలో కట్టిన మందు, గుప్పెడు సైకిలు గోళీలు.
"పందులు సార్. రెండెకరాల శనక్కాయ
ఒక్క రేత్రికే దున్నేసినయ్.
మనిషి మీద ఎత్తలా సార్, యానాడూ."

అందరూ అదే చెప్తారు.
పన్నెండేళ్ళ కిందట మాలకొండయ్యా అదే చెప్పాడు.
రాశాను. పోయాడు.
పోయేప్పుడు వాడికి పందులే తెలుసు,
వచ్చేప్పటికి మనుషులు తెలుసు.

కొత్త డీఎస్పీ మేడం కాగితం పంపింది:
మొదటి తప్పు, ఎవరికీ గాయం లేదు, ఆర్నెల్లు చూడండి.
శనివారం శనివారం సంతకం, చేతికొక పని.
నిలబడితే కేసు లేదు.
తుపాకీ పట్టినోడికి బడి పెడతారా అని
టీ కొట్టు దగ్గర నేనే ఎగతాళి చేశాను.

ఆధారం మీద చీటీ అంటిస్తూ మడమ తిప్పి చూశాను.
నర్దిచెక్క.
చెంప ఆనే చోట చిన్న వంపు,
పసిబిడ్డ తలకింద చెయ్యి పెట్టినట్టు.
"ఎవర్రా చెక్కింది?"
"నేనే సార్."
"నేర్పిందెవరు?"
"ఎవురూ నేర్పలా."

చెక్క చెంచాలు చేసే హుసేన్‌బీ
వాడి ముఖం చూడలేదు, బొటనవేలు చూసింది.
"ఏలు బానే ఉంది. ఓపికుందో లేదో."
మొదటి వారం నలభై చెంచాలు విరిగాయి.
విరిగినవన్నీ వాడిచేతే లెక్కపెట్టించింది.

ఏడో శనివారం రాలేదు.
కాగితాల మధ్య కార్బన్ పెట్టాను.
పేరు రాశాను, ఊరు రాశాను,
తండ్రి పేరు దగ్గర ఎందుకో ఆగి
బండి తీశాను.

మంచె మీద ఉన్నాడు.
ఖాళీ నూనె డబ్బా, చేతిలో సగం విరిగిన గరిటె.
రాత్రంతా కొట్టి కొట్టి కళ్ళు చింతనిప్పులు.
"ఇయ్యాల శనారమా సార్?"
బండి సీటు మీద రిజిస్టరు పరిచాను.
సంతకం పక్కన మట్టి మరక పడింది.
"నేను సంతకం పెడతా ఉండా సరే,
పందులు పెట్టలేదు గదా సార్.
పైరుకి పూచీ ఎవురు?"
ఆ గడి నా రిజిస్టర్లో లేదు.

ఇంకా రెండు నెలలుంది.
సగం రాసిన కాగితం సొరుగులోనే ఉంది, చించలేదు.
దాని మీద వాడు చేసిన చెంచా.
ముప్పై రూపాయలిచ్చి కొన్నాను,
ఊరికే తీసుకుంటే అదీ ఒక సెక్షనే.

కాడ కొంచెం లావు.
పట్టుకుంటే ఇంకా మడమలాగే ఉంటుంది.
మధ్యాన్నం పెరుగన్నం
దాంతోనే తింటున్నాను.