ఇరవై అక్షరాల గడి

కాలువలు కట్టేశారు.
ఎర్రవంతెన కింద బురదలో ఒక చెప్పు,
ఎండి తాడైన గుర్రపుడెక్క.
రాత్రి పదకొండుకి ఫ్యాను ఆగి, ఇన్వర్టరు కూతపెట్టి,
యూనివర్సిటీ పోర్టల్ నాలుగోసారి
'సెషన్ ముగిసింది' అంది.

మొదలైతే గదా ముగియడానికి!

బూడిదరంగు పట్టికలు, పట్టికలో పట్టిక,
పైన ఎర్రగా పరిగెత్తే ఒకే వార్త:
ఎప్పుడో రాసేసిన పరీక్షకి ఫీజు గడువు.
ఫోన్‌లో తెరిస్తే మార్కులు కుడిపక్కకి జారి
అంతర్వేది దాకా పోయేవి.

సర్వరు నాది కాదు.
ఆనకట్ట తలుపులెత్తే హక్కు మనకెవరిచ్చారు?
కాని మా నాన్న చేలోకి తిప్పుకునే బోదె ఉంది చూశారూ,
మూడు పారల మట్టి తీస్తే చాలు,
నీరు అదే, దారి మనది.
బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అంటే అంతేనని
పక్కమంచం భ్రమరాంబకి చెప్పాను.
"నీళ్లు అవే అయితే రుచేం మారుద్దే?" అంది
జడ విప్పుకుంటూ.

మారలేదు. కనబడింది, అంతే.
మార్కులు కూడి పెట్టాను,
తేదీలు మనుషులు చదివేలా తిప్పాను,
పరిగెత్తే వార్తని కూర్చోబెట్టాను.

పేరు మిగిలింది.
ఆ గడిలో ఇరవై ఇంగ్లీషు అక్షరాలే పడతాయి, ఖాళీలతో కలిపి.
పితాని వీర వెంకట. అక్కడికి ఇరవై.
సత్య భ్రమరాంబ గడి బయట.
అన్నవరం మొక్కుతో పుట్టిన ఊళ్లు మావి;
మా సెక్షన్లోనే నలుగురు వీర వెంకటలు,
అందులో ఒకడు మగపిల్లాడు.

నాలుగు లైన్లు రాసి పూర్తి పేరు అతికించాను.
తన లాప్‌టాప్‌లో మాత్రమే అది నిజం.
చాలాసేపు చూసింది.
చెప్పకుండా ప్రింటు తీసి
పరీక్షల విభాగానికి పట్టుకెళ్లింది.

నాలుగో కౌంటర్లో గెడ్డం ఇమ్మానియేలు గారు
కళ్లద్దాలు నుదుటికెత్తి నన్ను పిలిపించారు.
"మా పోర్టల్లో ఇది లేదే?"
"మీ దాంట్లో లేదండి. మా గదిలో ఉంది."
నవ్వలేదాయన. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

డిబారేమోనని ఆ రాత్రి పేజీ మూలమంతా వెతుకుతుంటే
ఎవరూ చూడని చోట ఒక ముక్క:
'తాత్కాలికం. వేసవి సెలవుల్లో సరిచేయాలి. జి.ఇ.'
పదహారు వేసవుల కిందటిది.

జూన్‌లో లాకుల దగ్గర ఎర్రనీరు దిగింది.
ఆ ఉదయమే నా ఎక్స్‌టెన్షన్ విరిగింది.
అప్పటికి నూట అరవైమంది వాడుతున్నారు,
మార్కుల చోట తేదీలట, ఒకటే ఫోన్లు.
విసుక్కుంటూ అసలు పేజీ తెరిచాను.
అదే బూడిద, అదే పరుగు.
పేరు గడి మాత్రం పక్కదాన్ని తోసుకుని సాగింది:
పితాని వీర వెంకట సత్య భ్రమరాంబ.
నలుగురివీ ఉన్నాయి,
రిజిస్టరు చూసి ఒక్కొక్కటీ చేత్తో కొట్టినట్టు,
ఒకదాంట్లో అక్షరం తప్పు కూడా.

దాన్ని నిద్రలేపాను.
చూసి, "బోదె తెగిందా?" అంది.
"తెగిందే, పైనుంచి నీళ్లొచ్చి" అన్నాను,
ఆ నాలుగు లైన్లూ చెరిపేస్తూ.