బోరునీళ్ల కాపురం

మా గ్రీమ్స్‌పేట బోరు వెయ్యిన్ని ఇరవై అడుగులు.
ఆ నీళ్లకి పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు.
బిందె అడుగున సున్నం పొరలు కట్టి
గరిటెతో గీకితే పెచ్చులుగా రాలతాది.
నా మూత్రపిండంలో రాయి కూడా ఈ బోరుదే అన్నాడు డాక్టరు,
స్కానింగు కాయితం మీద చుక్క చూపించి.

అట్లాంటి నీళ్లల్లో
కాపురం పెట్టినాయి ఈ రెండూ.

కొళత్తూరు నుంచి తెచ్చినాను, మద్రాసు బస్సులో,
గాలి ఊదిన కవర్లు రెండు ఒళ్లో పెట్టుకొని.
రాణిపేట దగ్గర డ్రైవరు బ్రేకేస్తే
ముందు సీటు కడ్డీ నుదుటికి తగిలింది,
చేతులు మాత్రం కవర్లని వదల్లేదు.
నలుపూ తెలుపూ చారలు. ఖైదీ చేపలంట.
"జైలు బట్టలోళ్లని ఇంట్లోకి తెచ్చినావా" అనింది ధనబాగ్యం.
నెల దినాలు ఆ పక్కకి చూళ్లేదు.
మా లిఖిత అట్లాసు తెచ్చి
హోండురాసు మీద వేలు పెట్టింది.
వేలు తీస్తేగానీ దేశం కనపళ్లేదు.

మనం తాగేదే వాటికీ అని
ముప్పై రూపాయల క్యాన్లు మోసుకొచ్చి పోసినాను.
మూడోనాటికి రెక్కలు ముడుచుకొని
ఫిల్టరు వెనక మూలకి చేరినాయి.
ఫోన్లో సెల్వం తిట్టినాడు, సగం అరవం, సగం తెలుగు.
"ఆ నీళ్లల్లో ఏముంది సామీ, ఏమీ లేదు!
వాటి ఊర్లో అన్నీ రాతి మడుగులు.
మీ బోరు పట్టి పొయ్యి. రోజుకొక చెంబు. తొందరపడొద్దు."
వారానికి మొగది అద్దం దాకా వచ్చి
నా చూపుడువేలుని పోట్లాటకి పిలిచింది.

ఆడదాని కడుపు తోతాపురి పండు రంగు తిరిగినప్పుడు
పగిలిన పూలకుండీ ఒకటి పక్కకి పండబెట్టినాను.
రాత్రంతా రాళ్లు మోసినాయి, నోటితో, ఒక్కొక్కటే.
నేను మోటారుకి తీగ చుట్టేటప్పుడు కూడా
అంత ఓపిగ్గా చుట్టను.

మొదటి కాన్పు గుడ్లు అవే తినేసినాయి.
రెండోది కరెంటు పోయి బూజు పట్టింది.
మూడోసారి
షాపులో పడుండే స్కూటరు బ్యాటరీ తెచ్చి
గాలి మోటారుకి కలిపి
నేలమీదే చాప పరుచుకున్నాను.

పిలకాయలు!
కండ్లు మొలిచిన ఆవగింజలు, అంతే.
ఒక గుంతలో పెట్టేది, అది నచ్చక ఇంకో గుంత తవ్వేది,
నోట్లో పెట్టుకొని సామాన్లు మార్చినట్టు మార్చేది.
ఒకటి దారి తప్పితే మొగది పీల్చుకొని
తెచ్చి మందలో ఉమ్మేది.

రెండు గంటలప్పుడు మెలకువొచ్చి చూస్తే
టార్చికి కొంగు కప్పి తొట్టి ముందర ధనబాగ్యం.
గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలు లెక్కేసే మనిషి.
"మాట్లాడొద్దు" అనింది.
"నూటపన్నెండు దాకా వచ్చినాను. కదిలిపోయినాయి."

నెలకి అమ్మానాయనలే వాటిని తరిమినాయి,
మళ్లా కుండీ కడుక్కుంటా.
చర్చి వీధి అంగడాయన
నూరు చేపలకి ఒక పురుగుల డబ్బా ఇస్తానన్నాడు.
ఆమె ఒప్పుకోలేదు.
ఇప్పుడు వంటింట్లో పాత ఐస్‌పెట్టె నిండా అవే.

మే నెలలో బోరు గాలి కక్కింది.
చెరువు నీళ్ల ట్యాంకరు తెప్పించినాము.
పప్పు గడియలో ఉడికింది.
లిఖిత తలంతా నురగ చేసుకొని నవ్వింది.
చేపలు రెక్కలు ముడిచినాయి.

సాయంత్రం వంటింట్లో గర్రు గర్రుమని చప్పుడు.
పాత బిందె బోర్లా పెట్టుకొని
అడుగు గీకతా ఉంది ధనబాగ్యం.
పన్నెండేండ్లు తిట్టిన సున్నాన్ని
నా చేతిగుడ్డలో మూటగట్టి
ఫిల్టరు కింద వేలాడదీసింది.
తడి చేతులు చీరకి తుడుచుకుంటా,
నా పక్కకి తిరక్కుండానే అనింది:

"నీ రాయి పడితే పారెయ్యొద్దు.
అదీ వేద్దాం."