ఆరు డబ్బాలు, ఒక చెవి

తార్నాకలో పన్నెండో అంతస్తు పైన
లిఫ్టు మోటారు పక్కన, నీళ్ల ట్యాంకు కింద
మా రిపీటర్ గది.
నిలబడితే తల తగులుతుంది.
మధ్యాహ్నం రెండింటికి రేకు తలుపు ముట్టుకోలేం.

ఆరు అల్యూమినియం డబ్బాలు, లోపల వెండి పూత.
రాణిగంజ్‌లో పాత సామాన్ల షాపతను
తూకానికి ఇచ్చాడు.
ఏదో టాక్సీ కంపెనీ వైర్‌లెస్ కోసం
ఎప్పుడో శ్రుతి చేసినవి.
ఆ కంపెనీ లేదు, ఆ టాక్సీలు లేవు.
డబ్బాలు మాత్రం ఇంకా
వాటికే చెవి ఒగ్గి ఉన్నాయి.
మా తరంగం కొంచెం పొడుగు,
కడ్డీలన్నీ లోపలికి దించాలి.

చెప్పడానికి తేలికే:
యాంటెన్నా ఒక్కటి. దాంతోనే మాట్లాడాలి, దాంతోనే వినాలి,
రెండూ ఒకే క్షణాన.
ముప్పై వాట్ల మన గొంతు
మన చెవిలోనే పడితే మిగిలేది చెవుడు.
మూడు డబ్బాలు పోయే మాటకి కాపలా,
మూడు వచ్చే మాటకి.
మధ్యలో ఆరువందల కిలోహెర్ట్జ్,
పిల్లి కూడా దూరలేని సందు.

ఫసీహుద్దీన్ సాబ్ కడ్డీ తిప్పుతాడు,
నేను మీటర్ చదువుతాను.
మార్చి మీటింగు తర్వాత మాకు మాటల్లేవు.
క్లబ్బు పైసల లెక్క. ఆయన ఒకటన్నాడు, నేను రెండన్నాను.
ఈ పని ఒక్కరి వల్ల కాదు కనక వచ్చాం.

"అరవై ఒకటి."
తల ఊపుతాడు.
"అరవై ఎనిమిది. డెబ్బై. ఆగండి, దాటిపోయింది."
కడ్డీ వెంట్రుకవాసి వెనక్కి.
"డెబ్బై ఆరు."
నట్టు బిగిస్తే గీత పక్కకి జరుగుతుంది.
బిగించడం కూడా తిప్పడమే కదా.
మళ్లీ వదులు చేసి, ఎంత జరుగుతుందో అంత
ముందే తప్పుగా పెట్టి,
అప్పుడు బిగించాలి.
మూడో డబ్బా దగ్గర
ఆయన చెమట కళ్లద్దాల మీద పడింది.
నా చున్నీ కొస ఇచ్చాను. తుడుచుకున్నాడు.
"ఎనభై మూడు."
"బస్. గిట్లనే ఉండనీ," అన్నాడు.
అంకె కాని మొదటి మాట.

ఆరింటికి కేబుళ్లు బిగించి ఆన్ చేశాం.
వేసవంతా మా రిపీటర్ ఊరంతా వినపడేది,
అది మాత్రం ఎవర్నీ వినేది కాదు.
ఇప్పుడు, గరగరలోంచి
ఒక గొంతు, ఘట్‌కేసర్ అవతల నుంచి,
అర వాటు హ్యాండ్‌సెట్, దిగిపోతున్న బ్యాటరీ.
కాల్‌సైన్ కొత్తది, తడబడుతూ చెప్పాడు.
"మైసయ్య మాట్లాడ్తున్న. ఇనబడ్తుందా సార్?
ఏప్రిల్ నుంచి పిలుస్తున్న."

ఏప్రిల్ నుంచి.
రోజూ రాత్రి ఎనిమిదింటికి మేమంతా చేరి
ఎవరి వంతు వాళ్లం మాట్లాడి,
ఇంకెవరన్నా ఉన్నారా అని అడిగి,
లేరనుకుని
పడుకునేవాళ్లం.

సాబ్ మైకు నా చేతిలో పెట్టాడు.
నేను తిరిగి ఆయన చేతిలో పెట్టాను.
"సార్?" అన్నాడు మైసయ్య.
సాబ్ నొక్కాడు.
"చెప్పు బేటా," అని
వేలు తీసేశాడు.

స్పానర్ ట్యాంకు మీదే మరిచిపోయి దిగాం.
రేపెలాగూ రావాలి,
ఎండకి గీత జరుగుతుంది.