జున్ను అనే మాట

నూట నలభై ఏడో పేజీ దగ్గర
పది దినాలుగా నిలబడిపోయినాను.
గుంతకల్లులో రాత్రి పదకొండు దాటితే
గూడ్సు బండ్ల ఇనుప దగ్గు తప్ప ఇంకేమీ ఉండదు.
పగలంతా పార్సిల్ ఆఫీసులో
చేపల పెట్టెలు, మల్లెమొగ్గల బుట్టలు,
గోనెపట్ట చుట్టిన మోటారుసైకిలు
తూచి, చీటీలంటించి వచ్చి
రాత్రికి ఒక నవలను తూస్తాను.

నవలలో బ్రసెల్స్. అందులో ఐలిన్ అనే పిల్ల.
వాళ్ల నాయన ట్రాము నడుపుతాడు.
అక్కడే పుట్టింది, అక్కడి వానలోనే తడిసింది,
అయినా బడిలో ఆమె సద్దిడబ్బా మూత తీస్తే
పక్కనోళ్లు కిటికీ తీస్తారు.
వెల్లుల్లి. ఊరేసిన మిరపకాయలు. అంతే.

పదహారో ఏట స్నేహితురాలి ఇంట్లో విందు.
బల్ల నడుమ నీలి బూజు చారల ముద్ద ఒకటి.
గదంతా గొర్రెల దొడ్డి వాసన.
ఒక్కరూ కిటికీ తీయరు!
పైగా ఆ వాసనకు ఒక ఊరుందంట,
ఒక గుహ ఉందంట, ముత్తాతల పేర్లున్నాయంట.
ఐలిన్ ఊపిరి బిగబట్టి మింగుతుంది.
"బాగుంది" అంటుంది.
ఆ మాటతో అధ్యాయం అయిపోతుంది.

ఆ ముద్దకు నా నిఘంటువు ఇచ్చే మాట జున్ను.

జున్నా?
జున్నంటే మాకు ఈనిన ఎనుము తొలిపాలు.
బెల్లం, మిరియాలు, రెండు యాలక్కాయలు,
ఆవిరి మీద వణుకుతా వణుకుతా గట్టిపడేది.
దూడ తాగినాకనే మనకు.
పూట దాటితే నిలవని దాన్ని
ఏడాది పొడుగునా గుహలో దాచినారని రాస్తే
వెనకింటి సుంకమ్మ నవ్వదా?

సంపాదకుడు ఫోన్లో అన్నాడు,
"చీజ్ అని పెట్టేయండి మేడమ్,
పిజ్జా తిననోళ్లు ఎవరున్నారు ఇప్పుడు?"
పెట్టినాను. చదువుకున్నాను.
తీగలు సాగే ఆ తెల్లటి దానికి
పిల్ల ఊపిరి బిగబట్టడమెందుకు?
కొట్టేసినాను.

అప్పుడు గుర్తొచ్చింది గుంటూరు హాస్టలు.
మొదటి ఆదివారం, అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె,
ఉల్లిగడ్డ, బుడ్డల ఊరిమిండి.
పైమంచం పిల్ల ఏమీ అనలేదు,
చున్నీ మాత్రం ముక్కు దాకా లాక్కుంది.
ఆ సాయంత్రమే "యాడికి" పోయి "ఎక్కడికి" వచ్చింది నా నోట్లోకి.
నెల తిరిగేసరికి
వాళ్ల గోంగూర పచ్చడి వేడన్నంలో కలుపుకుని
"బాగుంది" అన్నాను.

నిజంగానే బాగుండింది.
ఇన్నేళ్లలో అది ఎవరికీ చెప్పలేదు, అమ్మకైతే అసలే.

ఐలిన్ అబద్ధమాడిందనే అనుకున్నాను ఇన్నాళ్లూ.
ఆ అబద్ధం వినబడేట్టు
"బాగుంది" పక్కన మూడు చుక్కలు కూడా పెట్టినాను.
మూలంలో చుక్కలు లేవు.
ఒక్కొక్కటే రబ్బరుతో తుడిచినాను.

తెల్లారుజామున తలుపు కొట్టింది సుంకమ్మ.
వాళ్ల ఎనుము రాత్రి ఈనిందంట, పెయ్యదూడ.
చెంబులో పసుపుపచ్చని చిక్కటి పాలు.
"దీపం ఆర్పకుండా ఏం రాస్తాంటివమ్మా?"
చెప్పినాను. గుహ సంగతీ, బూజు సంగతీ.
నవ్వలేదు.
కొంగుతో చెయ్యి తుడుచుకుంటా కాసేపు ఆలోచించింది.
"బూజు పట్టినా పారెయ్యలేదంటే
వాళ్లూ ఎప్పుడో కరువు చూసినోళ్లేలే" అనింది.
ఇంకొంచెం ఆగి,
"ఆ పిల్లకు రెండో ముక్క పెట్టినారా లేదా?"

పుస్తకం తిరగేసినాను. అది రాయలేదు.

చెంబు ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని
గుప్పెడు బొరుగులు పోసిచ్చినాను.
నూట నలభై ఏడో పేజీలో
ఆ ముద్ద పేరుండాల్సిన చోటు
ఇంకా ఖాళీగానే ఉంది.